ముద్దాయి లాయరుకు చెల్లే సమర్థన అందరు లాయర్లకూ చెల్లుతుందా? లా విద్యార్థులకు నీతిశాస్త్రం చెప్పడం గురించి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ వాళ్లకు ప్రొఫెషనల్ ఎథిక్స్ పేపర్ మీకు కొత్తగా అప్పగించారు. అరిస్టాటిల్, కాంట్, బెంథామ్ అంటూ మొదలుపెడితే క్లాసు పలచబడుతోంది. బార్ కౌన్సిల్ రూల్స్ చదివిస్తే బట్టీపట్టి రాసేస్తున్నారు. పాతికేళ్లు దాటినవాళ్లకు నీతి నేర్పడం అసలు సాధ్యమేనా అన్న అనుమానం వచ్చింది. పైగా మొదటి రోజే ఒక విద్యార్థి లేచి "నేరం చేశాడని తెలిసినవాణ్ణి కాపాడటం ఏం నీతి మేడమ్?" అని అడిగితే, మీరు చెప్పిన జవాబు మీకే తృప్తినివ్వలేదు.

ఆ విద్యార్థి ప్రశ్న దగ్గరే మొదలుపెడతాను. జిల్లా కోర్టులో ప్రాక్టీసు చేస్తూ, సాయంత్రాలు కాలేజీలో ఇదే పేపరు ఏళ్ల తరబడి చెబుతున్నవాణ్ణి. ఈ ప్రశ్న రాని బ్యాచ్ నాకు ఇంతవరకు తగల్లేదు. దానికి మనందరి దగ్గరా ఒక తయారు జవాబు ఉంటుంది: రాజ్యాంగం ఆర్టికల్ 22(1) ప్రతి నిందితుడికీ తనకు నచ్చిన న్యాయవాది సాయం పొందే హక్కు ఇచ్చింది, నేరం రుజువయ్యేదాకా నిర్దోషే, కాబట్టి వాదించడం మన ధర్మం. ఈ జవాబులో తప్పేమీ లేదు. అయితే మొదటి రోజే దాన్ని చేతిలో పెట్టేస్తే విద్యార్థి ఆలోచించడం అక్కడితో ఆపేస్తాడు. తర్వాత జీవితాంతం ఆ ఒక్క గొడుగునే ప్రతిచోటికీ పట్టుకుపోతాడు. ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున నిజం దాచినప్పుడూ, బ్యాంకుకు కళ్లు మూసుకుని ఆస్తి హక్కు మీద ఒపీనియన్ రాసినప్పుడూ, ఖాళీ చెక్కు మీద అంకె వేయించి కేసు పెట్టించినప్పుడూ "నా క్లయింటు కోసం నా డ్యూటీ చేశాను" అంటాడు. సెషన్స్ కోర్టులో ముద్దాయి పక్కన నిలబడ్డ లాయరుకు చెల్లే సమర్థన ఎంతవరకు సాగుతుంది, ఎక్కడ ఆగిపోతుంది? నా దృష్టిలో ఈ పేపరు మొత్తం ఈ ఒక్క ప్రశ్నే. మిగతా సిలబస్ అంతా దీని చుట్టూ అమర్చుకోవచ్చు.

అందుకే నేను సిద్ధాంతంతో మొదలుపెట్టను, రూల్స్‌తోనూ మొదలుపెట్టను. ముందు ఒక చిక్కు చెప్పి, పేరు రాయనక్కర్లేని కాగితం మీద ఎవరి నిర్ణయం వాళ్లను రాయమంటాను, కారణంతో సహా. చర్చ ఆ తర్వాతే. రాయకుండా చర్చ పెడితే గట్టిగా మాట్లాడే నలుగురి అభిప్రాయమే క్లాసు అభిప్రాయం అయిపోతుంది.

మొదటి చిక్కు కోయంబత్తూరుది. అక్కడ లాయర్లకూ పోలీసులకూ గొడవ జరిగింది. ఆ పోలీసుల తరఫున మా సభ్యులెవరూ వకాలత్ వేయరాదని బార్ అసోసియేషన్ తీర్మానించింది. ఈ తీర్మానం సరైనదేనా? మన విద్యార్థుల్లో చాలామంది "కాదు, వాళ్లకూ హక్కుంది కదా" అనే రాస్తారు. పోలీసుల మీద వాళ్లకు ప్రత్యేకమైన కోపమేమీ ఉండదు, కాబట్టి తీర్పు తేలిగ్గా వస్తుంది. 2010 డిసెంబరు 6న ఎ.ఎస్. మహమ్మద్ రఫీ కేసులో సుప్రీంకోర్టు చెప్పిందీ అదే. ఇలాంటి తీర్మానాలు రాజ్యాంగానికీ, వృత్తి ధర్మానికీ విరుద్ధం, చెల్లవు అంది. ఇక్కడిదాకా అందరూ సంతోషంగా ఉంటారు.

అప్పుడు 2019 నవంబరు శంషాబాద్ ఘటన చెబుతాను. యువ వైద్యురాలి మీద అత్యాచారం, హత్య. నలుగురి అరెస్టు. నిందితుల తరఫున వాదించబోమని షాద్‌నగర్ న్యాయవాదులు ప్రకటించారు. ఇప్పుడు రాయండి అంటాను. గది వేడెక్కుతుంది. ఇందాక "హక్కుంది" అని రాసిన చేతులే ఇప్పుడు "వాళ్లు చేసింది సరైనదే" అని రాస్తాయి. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, మొదటిదానిలో రాసిన కారణం రెండోదానిలో ఏమైందో వాళ్లనే చెప్పమంటాను. ఎవరినీ చిన్నబుచ్చను. ఆ కోపం న్యాయమైనదే, దాన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు టీచరుకు లేదు. ఆడపిల్లలు ఆ గదిలో కూర్చుని ఉంటారు, వాళ్లలో కొందరు రాత్రి బస్సు దిగి ఒంటరిగా ఇంటికి నడిచేవాళ్లు.

ఆ తర్వాతే మిగతా కథ. డిసెంబరు 6 తెల్లవారుజామున నలుగురూ చటాన్‌పల్లి దగ్గర పోలీసు కాల్పుల్లో చనిపోయారు. సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022 మేలో బయటికొచ్చింది. చంపే ఉద్దేశంతోనే కాల్పులు జరిపారని, నలుగురిలో ముగ్గురు ఘటన నాటికి మైనర్లని అందులో తేల్చింది. ఇక్కడ ఒక్క ప్రశ్న అడిగి ఊరుకుంటాను: మొదటి రిమాండు రోజున వాళ్ల పక్కన లాయరు నిలబడి ఉంటే, మొట్టమొదట ఏం అడిగేవాడు? కాసేపటికి ఎవరో ఒకరు "వయసు, సార్" అంటారు. లాయరు ఎందుకుండాలో దానికి మించి నేను చెప్పేదేమీ ఉండదు. అంతకు ముందు 2012 ఆగస్టులో కసబ్ అప్పీలు తీర్పులో, నిందితుణ్ణి మొదటిసారి ముందుకు తెచ్చినప్పుడే లీగల్ ఎయిడ్ హక్కు గురించి మేజిస్ట్రేట్ చెప్పి తీరాలని సుప్రీంకోర్టు ఎందుకు నొక్కి చెప్పిందో కూడా అప్పుడు అర్థమవుతుంది. ఆ తర్వాత బార్ కౌన్సిల్ రూల్స్‌లో 11, 15 చదివించండి. "నిందితుడి నేరం గురించి తన సొంత అభిప్రాయం ఏదైనా" వాదించాలన్న పదిహేనో రూలు అప్పుడు బట్టీపట్టాల్సిన వాక్యంగా కనిపించదు.

ఇక "నిజంగా చేశాడని తెలిసిపోతే?" అన్న అసలు ముల్లు. దీనికి 1840 నాటి లండన్ కేసును మించింది నాకు దొరకలేదు. లార్డ్ విలియం రస్సెల్ అనే వృద్ధుణ్ణి నిద్రలో గొంతు కోసి చంపారు. ఇంట్లో పనిచేసే కుర్వాసియే అనే నౌకరు మీద కేసు. డిఫెన్సు లాయరు చార్లెస్ ఫిలిప్స్ మొదట అతను నిర్దోషి అనే నమ్మాడు. విచారణ నడుమ, దొంగిలించిన వెండి సామాను బయటపడ్డాక, ముద్దాయి ఆయనతో "చేసింది నేనే" అన్నాడు, అయినా నువ్వు వాదించాల్సిందే అన్నాడు. ఫిలిప్స్ మొదట కేసు వదిలేద్దామనుకున్నాడు. బెంచి మీద ఉన్న జడ్జీల్లో ఒకరైన బారన్ పార్క్‌ను సలహా అడిగాడు. క్లయింటు కోరుకుంటే వదలకూడదు, సాక్ష్యంలోంచి వచ్చే న్యాయమైన వాదనలన్నీ చేయాలి అని ఆయన చెప్పాడు. ఫిలిప్స్ వాదించాడు. ఆ వాదనలో ఇంటి పనిమనిషి సారా మాన్సర్ మీదికి అనుమానం మళ్లేలా మాట్లాడాడని తర్వాత దేశమంతా దుమారం రేగింది. ముద్దాయికి ఉరి పడింది.

ఈ కేసును మీరు ముక్కలు ముక్కలుగా చెప్పాలి. ఒప్పుకోలు దగ్గర ఆపండి: వదిలేయాలా? విచారణ సగంలో లాయరు లేచి వెళ్లిపోతే జ్యూరీకి ఏం అర్థమవుతుంది? సలహా దగ్గర ఆపండి: తీర్పు చెప్పాల్సిన బెంచిలోని మనిషికే ఆ రహస్యం చెప్పడం క్లయింటుకు ద్రోహం కాదా? చాలామందికి ఇది తట్టదు, తట్టినవాళ్లు మంచి లాయర్లవుతారని నా నమ్మకం. చివరికి వాదన దగ్గర ఆపండి: ప్రాసిక్యూషన్ సాక్ష్యం చాలదని చెప్పడం వేరు, ఏ పాపమూ ఎరగని పనిమనిషి మీదికి నింద నెట్టడం వేరు. ఇంగ్లండ్ బార్ తర్వాత స్థిరపరచుకున్న పద్ధతి కూడా ఇక్కడే గీత గీస్తుంది: ఒప్పుకున్న క్లయింటు కోసం సాక్ష్యాన్ని పరీక్షించవచ్చు, కానీ ఇంకెవరో చేశారని సూచించకూడదు, అబద్ధపు కథ కట్టకూడదు. విద్యార్థులు ఈ గీతను రూలు చదవకముందే తమంతట తాము కనుక్కుంటారు. దాన్ని మన కోర్టులోకి తేవడానికి అత్యాచారం కేసులో బాధితురాలి క్రాస్ ఎగ్జామినేషన్ చాలు. 1996లో గుర్మీత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఇలాంటి క్రాస్ సాగుతుంటే జడ్జి మౌనప్రేక్షకుడిలా కూర్చోకూడదంది. సరే, జడ్జి ఆపకపోతే లాయరు అడగొచ్చా? ఒక గంట దీనికే ఇవ్వండి.

క్రిమినల్ వైపు ఇంత బలమైన సమర్థన ఎందుకుందో ఇక్కడ వాళ్ల చేతే చెప్పించాలి. ఎదురుగా పోలీసులు, ప్రభుత్వం, జైలు. ఇటు ఒక్క మనిషి. ఆ మనిషి తరఫున ఒక్కరైనా పూర్తిగా నిలబడకపోతే తూకం కుదరదు. ఈ కారణాన్ని బోర్డు మీద పెద్దగా రాసి చెరపకుండా ఉంచుతాను. తర్వాత వచ్చే ప్రతి కేసులోనూ ఇది వర్తిస్తుందా అని దానివైపు చూపించి అడుగుతాను.

వెంటనే అడిగేది స్పాల్డింగ్ కేసు. అమెరికాలోని మిన్నెసోటా, 1956. డేవిడ్ స్పాల్డింగ్ అనే ఇరవై ఏళ్ల కుర్రాడు జిమ్మర్‌మన్ నడుపుతున్న కారులో వెళ్తూ ప్రమాదంలో గాయపడ్డాడు. నష్టపరిహారం దావా పడింది. ప్రతివాదుల తరఫు డాక్టరు కుర్రాణ్ణి పరీక్షించి, గుండె నుంచి వచ్చే ప్రధాన రక్తనాళం ఉబ్బి ఉందని, ప్రాణానికే ప్రమాదమని ప్రతివాదుల లాయరుకు రాశాడు. కుర్రాడి డాక్టర్లకు అది కనిపించలేదు, అతని లాయరు ఆ రిపోర్టు అడగలేదు. ప్రతివాదుల లాయర్లు నోరెత్తలేదు. 6,500 డాలర్లకు రాజీ అయింది. 1959లో సైన్యం రిజర్వు వైద్యపరీక్షలో ఆ జబ్బు బయటపడింది, ఆపరేషన్ జరిగింది. రాజీ నాటికి అతను చట్టం ప్రకారం మైనరు, అందుకని రాజీకి కోర్టు అనుమతి తీసుకున్నారు. ఆ కారణం మీదే 1962లో రాష్ట్ర సుప్రీంకోర్టు రాజీ రద్దును సమర్థించింది. కానీ ఎదుటి పక్షానికి చెప్పి తీరాల్సిన వృత్తి నియమం ఏదీ లాయర్ల మీద లేదని కూడా అదే తీర్పులో అంది.

ఇది మన మోటారు యాక్సిడెంట్ ఓపీలో (పరిహారం కోసం వేసే పిటిషన్‌లో) రేపు జరగొచ్చు. ఇన్సూరెన్స్ కంపెనీ స్టాండింగ్ కౌన్సిల్ (కంపెనీ కేసులు చూసే లాయరు) చేతిలో మెడికల్ రిపోర్టు ఉంది. గాయపడింది ఆటో డ్రైవరు, ముప్ఫై ఏళ్లు. వచ్చే లోక్ అదాలత్‌లో సెటిల్ అవుతోంది. మైనరైతే సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 32 రూల్ 7 కింద కోర్టు అనుమతి అడ్డుంటుంది. మేజరుకు అదీ లేదు. లోక్ అదాలత్ అవార్డు మీద అప్పీలు లేదు, రిట్ వేసినా చాలా ఇరుకైన కారణాల మీదే. మీరు ఆ కౌన్సిల్ అయితే ఏం చేస్తారు? మొదట "క్లయింటు రహస్యం" అన్నవాళ్లకు బోర్డు చూపించండి. ఇక్కడ ఒంటరి మనిషి ఎవరు? రాజ్యశక్తి ఎక్కడుంది? కంపెనీకి పోయేది కొంత డబ్బు, అతనికి పోయేది ప్రాణం. ముద్దాయి లాయరు గొడుగు ఇక్కడిదాకా రాదని మాటల్లో చెప్పకుండానే తెలుస్తుంది.

కొందరు తెలివైనవాళ్లు 1973 నాటి న్యూయార్క్ కేసు ఎక్కడో చదివి తెస్తారు. రాబర్ట్ గారో అనే హంతకుడు ఇంకో ఇద్దరు యువతుల మృతదేహాలు ఎక్కడున్నాయో తన లాయర్లు ఆర్మానీ, బెల్జ్‌లకు చెప్పాడు. వాళ్లు వెళ్లి చూశారు, 1974 జూన్‌లో కోర్టులో అది బయటపడేదాకా ఎవరికీ చెప్పలేదు, కూతురి జాడ కోసం తిరిగే తల్లిదండ్రులకు కూడా. బెల్జ్ మీద కేసు పెట్టినా కోర్టు కొట్టేసింది. రాకపోతే మీరే తేండి. అక్కడ గుండె కోతకు గురైన తల్లిదండ్రులున్నారు, కానీ ఆ యువతులు చనిపోయారు. స్పాల్డింగ్ బతికున్నాడు. గతాన్ని గురించిన రహస్యం, రేపటి ప్రాణాన్ని గురించిన రహస్యం ఒకటి కావన్న తేడాను క్లాసు తనే పట్టుకుంటుంది. అప్పుడు పాత ఎవిడెన్స్ యాక్ట్ 126, ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియం 132 తెరిచి, సెక్షన్ కింది ఉదాహరణలు చదివించండి. "ఫోర్జరీ చేశాను, నన్ను కాపాడండి" అంటే రహస్యమే. "ఫోర్జరీ దస్తావేజు ఉంది, దాని మీద స్వాధీనం కోసం దావా వేయండి" అంటే కాదు. 1872లో రాసినవాళ్లు కూడా ఇదే చిక్కుతో కుస్తీ పట్టారని తెలిస్తే సెక్షన్‌కు ప్రాణం వస్తుంది.

స్పాల్డింగ్ చర్చలో విద్యార్థులు చెప్పాలా, దాచాలా అన్న రెండు దారుల మధ్యే కొట్టుకుంటారు. మూడోదాన్ని దాదాపు ఎవరూ చెప్పరు: క్లయింటును అడగడం. కారు నడిపిన జిమ్మర్‌మన్‌ను కూర్చోబెట్టి "నీ కారులో ఎక్కిన కుర్రాడు చచ్చిపోయేలా ఉన్నాడు, చెబుదామా?" అని అడిగితే వద్దనేవాడా? నీతి విషయంలో లాయరు చేసే అసలు పని ఎక్కువగా ఛాంబర్‌లోనే, క్లయింటుతో మాట్లాడేటప్పుడే జరుగుతుంది. మనం నేర్పనిదీ అదే. గాంధీజీ తన ఆత్మకథలో దక్షిణాఫ్రికా కేసొకటి చెప్పారు. మధ్యవర్తుల లెక్కల్లో తన క్లయింటుకు లాభించే పొరపాటు దొర్లింది. ఒప్పుకుంటే అవార్డు మొత్తం పోవచ్చు, ఒప్పుకోనక్కర్లేదని సీనియరు అన్నారు. గాంధీజీ ఆ మాటను క్లయింటు ఎదుటే కాదని, ఒప్పించి, కోర్టులో తనే పొరపాటు చెప్పారు. మొదట జడ్జీలు ఇదేదో ఎత్తు అనుకున్నారు. చివరికి తప్పు సరిదిద్ది అవార్డు నిలబెట్టారు. నేను ఈ కథను గాంధీజీ గొప్పతనం కోసం చెప్పను. క్లయింటును ఒప్పించిన ఆ సంభాషణను విద్యార్థుల చేత నటింపజేస్తాను. ఒకరు క్లయింటు, ఒకరు జూనియరు, ఒకరు వద్దనే సీనియరు. అచ్చ తెలుగులో, మన ఊరి క్లయింటు భాషలో. "సార్, మీరు ఎలా చెప్పమంటే అలా చెప్తాను" అనే క్లయింటు మనకు రోజూ ఎదురవుతాడు. వాడికి ముందు చట్టం చెప్పి తర్వాత విషయం అడిగితే, మనమే అబద్ధం నేర్పినట్టు. ముందు విషయం, తర్వాత చట్టం. ఈ చిన్న వరుసలో ఎంత నీతి ఉందో నటించి చూస్తేనే తెలుస్తుంది.

ఇప్పుడు మీ తత్వవేత్తల దగ్గరికి. వాళ్లను తీసేయమని నేను అనడం లేదు. వరుస మార్చమంటున్నాను. ఈపాటికి క్లాసు కాగితాల మీద వందల కారణాలు పోగై ఉంటాయి. వాటిని మీరే విడదీయండి. "ఎంతమందికి మేలు, ఎంతమందికి కీడు" అని రాసినవి బెంథామ్, మిల్‌ల కుటుంబం. "అబద్ధం అబద్ధమే, పనిమనిషిని పావుగా వాడకూడదు" అన్నవి కాంట్ కుటుంబం. 1797లో కాంట్, స్నేహితుణ్ణి చంపడానికి వచ్చినవాడికి కూడా అబద్ధం చెప్పరాదని రాశాడని చెప్పండి, క్లాసు లేచి కూర్చుంటుంది. "మంచి లాయరు అలా చేయడు" అన్నవి అరిస్టాటిల్ దారి. వాళ్లు తమ కారణాలకే పేర్లు తెలుసుకుంటారు కాబట్టి గుర్తుంటాయి. ఒక జాగ్రత్త. మూడు సిద్ధాంతాలూ పక్కపక్కన పెట్టి "ఎవరికి నచ్చింది వాళ్లు ఎంచుకోండి" అని వదిలేస్తే, కావలసిన ఫలితానికి తగిన సిద్ధాంతం వెతుక్కోవడం నేర్పినట్టవుతుంది. లాయర్లకు ఆ విద్య మనం నేర్పక్కర్లేదు. ఎంచుకున్న కారణానికి తనకు ఇష్టం లేని కేసులో కూడా కట్టుబడమనండి, కోయంబత్తూరు, షాద్‌నగర్ కాగితాల్లో చేసినట్టు.

చట్టానికీ న్యాయానికీ ఉన్న తగవు కోసం 1958 నాటి హార్ట్, ఫుల్లర్ చర్చ చెప్పొచ్చు, కానీ మన పిల్లలకు సభాపర్వం ఇంకా దగ్గర. తనను తాను ఓడిపోయిన తర్వాత నన్ను పణం పెట్టే అధికారం ఆయనకు ఎక్కడిది అని ద్రౌపది అడిగింది పక్కా చట్టం ప్రశ్న. వికర్ణుడు కారణాలతో జవాబిచ్చాడు. భీష్ముడు ధర్మం సూక్ష్మమైనదని తప్పుకున్నాడు. ఇక్కడ క్లాసును అడగండి: ధర్మరాజుకు ఆ అధికారం చట్టప్రకారం ఉందనే అనుకుందాం, అప్పుడు సభలో జరిగింది సరైనదవుతుందా? తర్వాత యుద్ధం ముందు అదే భీష్ముడు మనిషి అర్థానికి దాసుడు, కౌరవులు నన్ను అలా కట్టేశారు అంటాడు. దాని పక్కన బొజ్జా తారకం గారిని పెట్టండి. 1985 కారంచేడు మారణకాండ తర్వాత ఆయన హైకోర్టులో ప్రభుత్వ న్యాయవాది పదవి వదిలేసి బాధితుల వైపు నిలబడ్డారు. వెంటనే ఎదురు ఉదాహరణ కూడా ఇవ్వాలి, లేకపోతే రాజీనామా ఒక్కటే నీతి అనుకుంటారు. 1976 ఏప్రిల్ 28న, ఎమర్జెన్సీలో నిర్బంధించినవాళ్లు విడుదల కోసం కోర్టుకు రావచ్చా అన్న ఏడీఎం జబల్‌పూర్ కేసులో, సుప్రీంకోర్టు జడ్జి జస్టిస్ ఖన్నా బెంచి వదిలి పోలేదు. ఉండి, నలుగురికి ఎదురుగా ఒక్కడై అసమ్మతి రాశారు. మరుసటి ఏడు ఆయన్ను కాదని జూనియరుకు ప్రధాన న్యాయమూర్తి పదవి ఇచ్చారు. 2017లో గోప్యత హక్కు మీద వచ్చిన పుట్టస్వామి తీర్పు ఆ పాత మెజారిటీ తీర్పును కొట్టేసింది. ఎప్పుడు ఉండాలి, ఎప్పుడు బయటికి రావాలి? సూత్రం ఇవ్వడం నా వల్ల కాలేదు, ఉందని కూడా అనుకోను. కానీ ఈ ముగ్గురినీ పక్కపక్కన చూసిన విద్యార్థి గవర్నమెంటు ప్లీడరు కుర్చీలో కూర్చున్న రోజున ఆ ప్రశ్న తెలిసే కూర్చుంటాడు.

పెద్దవాళ్లకు నీతి నేర్పగలమా అన్నారు. స్వభావం మార్చలేం. కానీ చిక్కు ఎదురైనప్పుడు అది చిక్కని గుర్తుపట్టడం నేర్పగలం, "కాదు" అనడానికి మాటలు ఇవ్వగలం. మన పిల్లలకు మొదటి పరీక్ష హత్య కేసులో రాదు. ఎన్‌రోల్ అయిన కొన్ని నెలలకే, అఫిడవిట్ మీద, తాను ఎన్నడూ చూడని మనిషిని గుర్తించినట్టు సంతకం పెట్టమని సీనియరు చెప్పినప్పుడు వస్తుంది. పాత తేదీ వేయమన్నప్పుడు వస్తుంది. ఆ క్షణంలో కాంట్ గుర్తురాడు, నోరు పెగలదు. అందుకని క్లాసులోనే పలికించండి: "సార్, ఆయన్ను నేను చూడలేదు. ఒక్కసారి పిలిపించండి సార్, వచ్చాక పెడతాను." గౌరవం తగ్గకుండా, లొంగకుండా. ఒకసారి గట్టిగా పలికిన మాట రెండోసారి తేలిగ్గా వస్తుంది.

బ్యాంకు ప్యానెల్ పనికి (అప్పుకు తాకట్టు పెట్టే ఆస్తి పత్రాలు చూసి బ్యాంకుకు ఒపీనియన్ ఇవ్వడానికి) కూడా ఒక క్లాసు ఉంచండి, మన జిల్లాల్లో ఎందరో జూనియర్ల అన్నం అదే. హైదరాబాద్‌లో ఒక ప్యానెల్ న్యాయవాది ఇచ్చిన టైటిల్ ఒపీనియన్ల మీద సీబీఐ కేసు పెడితే, 2012లో కె. నారాయణరావు కేసులో సుప్రీంకోర్టు, మోసంలో చెయ్యి కలిపినట్టు ఆధారం లేకుండా ఒపీనియన్ తప్పినంత మాత్రాన నేరం కాదంది. విద్యార్థులు "అయితే బయటపడ్డాం" అంటారు. నేరం కాని నిర్లక్ష్యం వృత్తి దోషం కావచ్చని అదే తీర్పు అన్నదని చూపించండి. ఈసీ (ఆస్తి మీద లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయకుండా, లింకు డాక్యుమెంట్ల (ఆ ఆస్తి పాత దస్తావేజుల) అసలు ప్రతులు చూడకుండా రాసిన ఒపీనియన్‌ను ముద్దాయి లాయరు సమర్థన ఏ మాత్రం కాపాడదు. ఇక్కడ ఎవరి స్వేచ్ఛా ప్రమాదంలో లేదు, లాయరు మాటను నమ్మి డబ్బిచ్చేవాళ్లే ఉన్నారు.

పర్సెంటేజీ ఫీజు గురించి అడుగుతారు, దాటేయకండి. ఫలితం మీద ఫీజు, వచ్చినదానిలో వాటా రూల్ 20 నిషేధించింది. 1954లో 'జి' అనే సీనియర్ అడ్వకేట్ కేసులోనే సుప్రీంకోర్టు దీన్ని వృత్తి దోషమంది. బయట యాక్సిడెంట్ కేసుల్లో ఏం జరుగుతోందో వాళ్లకు తెలుసు. ముందు ఫీజు ఇవ్వలేని కూలీకి వేరే దారేమిటన్న వాళ్ల వాదనలో నిజముంది, అమెరికాలో ఆ పద్ధతి చట్టబద్ధం కూడా. రూలు మారాలని వాదించనివ్వండి. మారేదాకా పాటించాలా అన్నది వేరే ప్రశ్నగా పెట్టండి.

మార్కుల సంగతి. ఈ పేపరును కేస్ స్టడీ, వైవా, సమస్యా పరిష్కారం ద్వారా కూడా అంచనా వేయాలని 2008 నాటి లీగల్ ఎడ్యుకేషన్ రూల్స్‌లోనే ఉంది, కాబట్టి ప్రిన్సిపాల్ అడ్డుచెబితే అది చూపించండి. నేను ఇంటర్నల్స్‌కు ఒక ఉత్తరం రాయిస్తాను: క్లయింటు ఒక తప్పు పని అడిగాడు, ఎందుకు చేయలేవో, బదులుగా ఏం చేయగలవో ఒక పేజీలో అతనికి అర్థమయ్యే తెలుగులో రాయి. వైవాలో విద్యార్థి తన అభిప్రాయానికి ఎదురు వాదన ఎంత బలంగా చెప్పగలడో దానికే ఎక్కువ మార్కులు. ఎంత ఇంగ్లీషు మీడియం క్లాసైనా ఈ చర్చలు తెలుగులోనే జరగనివ్వండి. పరీక్ష ఏ భాషలో రాస్తారన్నది వాళ్లిష్టం.

"మరి మీరైతే ఏం చేస్తారు?" అని మిమ్మల్ని అడుగుతారు. చర్చ ముగిసే వరకు చెప్పకండి, ముగిశాక తప్పక చెప్పండి. టీచరు గోడ మీద పిల్లిలా ఉంటే, ఇందులో సరైనదంటూ ఏదీ లేదని పిల్లలు అనుకుంటారు. నేను చెప్పేది ఇది: ఫిలిప్స్ స్థానంలో కేసు వదలను, సారా మాన్సర్ పేరు ఎత్తను, జడ్జి దగ్గరికి పోను. స్పాల్డింగ్ విషయంలో ముందు క్లయింటును ఒప్పించడానికి చూస్తాను, కుదరకపోతే ఆ కుర్రాడికి చెప్పేస్తాను, దాని ఫలితం బార్ కౌన్సిల్ ముందు అనుభవిస్తాను. నాతో విభేదించిన విద్యార్థులు చాలామంది ఉన్నారు, వాళ్ల కారణాలు బాగుంటే పూర్తి మార్కులు వేశాను.

సెమిస్టర్‌లో క్లాసులు తగ్గిపోతే కంటెంప్ట్ చట్టం చరిత్రను నోట్సుగా ఇచ్చేయండి, చదువుకుంటారు. షాద్‌నగర్, కుర్వాసియే, స్పాల్డింగ్ మాత్రం తగ్గించకండి. ఒక్కోదానికి కనీసం రెండు గంటలు పడుతుంది. మీ జిల్లా లీగల్ సర్వీసెస్ అథారిటీని అడిగి, డిఫెన్స్ కౌన్సిల్ ఆఫీసుకు ఐదారుగురు చొప్పున పంపే ఏర్పాటు చేయండి. రిమాండు వేళ మేజిస్ట్రేట్ కోర్టులో వెనక బెంచీ మీద కూర్చుని, ప్రతి నిందితుడి పక్కనా ఎవరైనా నిలబడ్డారా లేదా అన్నది ఒక్కటే రాసుకు రమ్మనండి. ఆ కాగితాలు వచ్చాక తర్వాతి క్లాసును ఎక్కడ మొదలుపెట్టాలో మీకే తెలుస్తుంది.